ఈ అంకె ఎవరికి కనిపిస్తుంది?

పిల్లలూ, "ఈ వారం నాకు కాన్ఫరెన్స్ ఉంది, ఇంటికి రావడం ఆలస్యమవుతుంది" అని అమ్మో నాన్నో అనడం మీరు వినే ఉంటారు. కాన్ఫరెన్స్‌ను తెలుగులో సదస్సు అంటాం. అక్కడికి వెళ్లి పెద్దవాళ్లు ఏం చేస్తారు? మెడలో పేరు రాసిన కార్డు వేసుకుని తిరుగుతారు. కాఫీ తాగుతారు. వచ్చేటప్పుడు మీకు నాలుగు పెన్నులు, ఒక గుడ్డసంచీ తెస్తారు. అంతేనా? మా చిన్న కంపెనీ ఒక సదస్సుకు వెళ్లినప్పుడు ఏం జరిగిందో మీకు చెప్తాను. చివరికి మీకే ఒక ప్రశ్న వదులుతాను.

నేను ఒమన్ దేశంలో, మస్కట్ నగరంలో ఉంటాను. ప్రపంచ పటంలో అరేబియా సముద్రాన్ని వెతకండి. ఇటు ఒడ్డున ముంబై కనిపిస్తుంది. అటు ఒడ్డున, కొంచెం పైకి, మస్కట్ ఉంటుంది. మాది వరంగల్ దగ్గర పల్లెటూరు. చదువు అయ్యాక ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను.

కొన్నేళ్ల తర్వాత మేము నలుగురం కలిసి ఒక స్టార్టప్ మొదలుపెట్టాం. తెలుగు పత్రికల్లో దీన్ని 'అంకుర సంస్థ' అని రాస్తారు. అంకురం అంటే మొలక. మొలక చెట్టవుతుందో ఎండిపోతుందో ముందే ఎవరూ చెప్పలేరు కదా, స్టార్టప్ కూడా అంతే. మా నలుగురిలో నేను ఒకదాన్ని. కాకినాడ నుంచి వచ్చిన ఒక తమ్ముడు యంత్రం పని చూసేవాడు. ఒక మలయాళీ మిత్రుడు లెక్కలు, డబ్బు చూసేవాడు. నాలుగో మనిషి ఒక ఒమానీ అమ్మాయి. ఫోన్‌లో పనిచేసే యాప్ రాసింది ఆమే.

మేము చేసింది ఒక చిన్న పెట్టె. అది ఎందుకో తెలియాలంటే ముందు ఒమన్‌లో నీళ్ల సంగతి తెలియాలి.

ఒమన్‌లో మన గోదావరి, కృష్ణల్లాంటి పెద్ద నదులు లేవు. వానలు చాలా తక్కువ. అయినా కొండల కింద ఊళ్లలో పచ్చటి ఖర్జూర తోటలు ఉంటాయి. మరి నీళ్లు ఎక్కడివి? పూర్వం ఇక్కడి మనుషులు కొండ అడుగున దాగిన నీటిని కనిపెట్టారు. అక్కణ్నుంచి నేల కింద సొరంగం తవ్వి, కొద్దిపాటి వాలు ఇచ్చి, ఆ నీటిని ఊరిదాకా నడిపించారు. పంపు లేదు, కరెంటు లేదు. నీళ్లు వాటంతట అవే వస్తాయి. ఇలాంటి కాలువను 'ఫలజ్' అంటారు. ఒకటికంటే ఎక్కువ ఉంటే 'అఫ్లాజ్'. కొన్ని ఫలజ్‌లు సొరంగం నుంచి, కొన్ని ఊటల నుంచి, కొన్ని వాగుల నుంచి వస్తాయి. వీటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దేశం మొత్తం మీద సుమారు 3,000 ఫలజ్‌లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

ఊరందరికీ ఒకటే కాలువ. మరి పంచుకోవడం ఎలా? ఇక్కడ నీళ్లను బిందెలతోనో లీటర్లతోనో కొలవరు, కాలంతో కొలుస్తారు. ఈ తోటకు ఇంతసేపు, ఆ తోటకు అంతసేపు. మన భాషలో చెప్పాలంటే, వంతులు. పగలు నీడగడియారం చూసి, రాత్రి నక్షత్రాలు చూసి వంతు మార్చేవారు. ఇప్పుడు చాలా ఊళ్లలో చేతి గడియారాలు చూస్తున్నారు.

మా పెట్టె కాలువ మీద, నీళ్లకు తగలకుండా, పైన ఉంటుంది. మన చెవికి వినిపించని శబ్దాన్ని కిందికి పంపుతుంది. ఆ శబ్దం నీటికి తగిలి తిరిగి వస్తుంది. గబ్బిలం చీకట్లో దారి తెలుసుకునేది కూడా ఇలాగే. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. నీళ్లు పెట్టెకు 34 సెంటీమీటర్ల కింద ఉంటే, శబ్దం వెళ్లి రావడానికి సెకనులో 500వ వంతు పడుతుంది. మీరు లెక్క వేసి చూడండి, సరిపోతుంది.

ఇందులో ఒక చిక్కుంది. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది. ఒక్క డిగ్రీకి సెకనుకు సుమారు 0.6 మీటరు చొప్పున పెరుగుతుంది. తెల్లవారుజామున 25 డిగ్రీలు, మధ్యాహ్నం 45 డిగ్రీలు ఉందనుకోండి. వేడిని లెక్కలోకి తీసుకోకపోతే కొలతలో సుమారు ఒక సెంటీమీటరు తేడా వస్తుంది. సన్నటి కాలువలో ఒక సెంటీమీటరు అంటే చిన్న విషయం కాదు. అందుకే కాకినాడ తమ్ముడు పెట్టెలో వేడిని కొలిచే పరికరం కూడా పెట్టాడు.

నీళ్లు ఎంత లోతు పారుతున్నాయో పెట్టె మా యాప్‌కు చెప్తుంది. చాలామంది తోటల యజమానులు మస్కట్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ ఉంటారు. వాళ్లు ఇంట్లో కూర్చుని తమ ఊరి కాలువను ఫోన్‌లో చూసుకోవచ్చు. అదీ మా ఆలోచన.

2024 మే నెలాఖరులో మస్కట్‌లో కామెక్స్ జరిగింది. కామెక్స్ అంటే ఒమన్‌లో జరిగే పెద్ద టెక్నాలజీ ప్రదర్శన. విమానాశ్రయం దగ్గర ఉన్న ఒమన్ కన్వెన్షన్ అండ్ ఎగ్జిబిషన్ సెంటర్‌లో, సోమవారం నుంచి గురువారం దాకా, నాలుగు రోజులు. మేమూ అక్కడ ఒక చిన్న స్టాల్ పెట్టుకున్నాం.

మాకు అది సరదా ప్రయాణం కాదు. మా దగ్గర ఆగస్టు దాకా సరిపోయే డబ్బే ఉంది. ఈలోగా ఎవరైనా పెట్టుబడి పెట్టాలి, లేదా మా పెట్టెలు కొనాలి. లేకపోతే కంపెనీ మూసేయాలి. గల్ఫ్ దేశాల్లో ఉండే పిల్లలకు ఇంకో విషయం తెలుసు. ఇక్కడ మనకు వీసా ఉద్యోగంతోనే వస్తుంది. ఉద్యోగం పోతే వీసా కూడా పోతుంది. కాకినాడ తమ్ముడి వీసా మా కంపెనీ మీదే ఉంది. ఆ సంగతి మేమెవరం పైకి అనలేదు. కానీ స్టాల్‌లో బల్ల సర్దుతున్నప్పుడు నలుగురికీ అదే గుర్తుంది.

మొదటి రోజు ఒక ప్లాస్టిక్ తొట్టెలో నీళ్లు పోసి, పైన పెట్టె బిగించాం. తొట్టెలో నీళ్లు పోస్తే ఫోన్‌లో అంకె పెరుగుతుంది, తీస్తే తగ్గుతుంది. బడిపిల్లలు గుంపులుగా వచ్చి ఆడుకున్నారు. పెద్దవాళ్లు వచ్చి విజిటింగ్ కార్డులు ఇచ్చారు. "చాలా బాగుంది, మళ్లీ మాట్లాడదాం" అన్నారు. మధ్యాహ్నానికి ఈ మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కపెట్టడం మానేశాం. నేను తెచ్చిన పులిహోర డబ్బా బల్ల కిందే మూత తీసుకుని, ఒకరి తర్వాత ఒకరం తిన్నాం.

రెండో రోజు ఒక పెట్టుబడిదారు వచ్చాడు. కంపెనీలో డబ్బు పెట్టి, లాభం వస్తే వాటా తీసుకునేవాళ్లను పెట్టుబడిదారులు అంటారు. ఆయన నిలబడి అరగంట మాట్లాడాడు. "పెట్టె ముఖ్యం కాదు, యాప్ ముఖ్యం. ఒక ఊళ్లో వందమంది నెలనెలా డబ్బు కట్టాలి. అలా కట్టేవాళ్లను చూపించండి, అప్పుడు ఆలోచిస్తాను" అన్నాడు. మాకు ఆశ పుట్టింది. ఆ రాత్రి మలయాళీ మిత్రుడు పన్నెండింటి దాకా లెక్కలు వేశాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చాడు. తెల్లటి దిష్‌దాషా, తలకు రంగుల తలపాగా, చేతిలో సన్నటి కర్ర. వెంట మనవడు ఉన్నాడు. ఆ అబ్బాయి చూడాలనుకున్నవి రోబోలు. తాతగారేమో మా నీళ్లతొట్టె దగ్గర ఆగిపోయాడు. మా ఒమానీ అమ్మాయి ఆయన్ను "అమ్మీ" అని పలకరించింది. నవ్వకండి! అరబీలో 'అమ్మీ' అంటే బాబాయి, పెదనాన్న అని. మనం కొత్తవాళ్లను కూడా బాబాయ్ గారూ అంటాం చూడండి, అలాగే.

ఆయనది జబల్ అఖ్దర్ కొండల కింద ఒక ఊరు. ఫలజ్ పనులు చూసే పెద్దల్లో ఆయన ఒకరు. పెట్టెను చూశాడు. తొట్టెలో వేలు ముంచి చూశాడు. ఫోన్‌లో అంకె మారడం చూశాడు. తర్వాత ఒకే ఒక ప్రశ్న అడిగాడు.

"ఈ అంకె ఎవరికి కనిపిస్తుంది?"

"యాప్ ఉన్నవాళ్లకి, అమ్మీ" అంది మా అమ్మాయి.

"లేనివాళ్లకి?"

ఆమె నా వైపు చూసింది. నేను ఏమీ అనలేదు. ఆయనే చెప్పాడు. ఆయన చిన్నప్పుడు ఊళ్లో నీడగడియారం కాలువ పక్కనే, బయట ఉండేదట. దారిన పోయే పిల్లవాడు కూడా నీడ ఎక్కడుందో చూసేవాడు. యజమాని చూసేవాడు, కూలివాడు చూసేవాడు. తగవు వస్తే అందరూ ఆ నీడ దగ్గరికే వెళ్లేవాళ్లు. "ఇప్పుడు ఒకడికి ఫోన్‌లో తెలుస్తుంది, పక్కవాడికి తెలియదు. రేపు నీళ్లు తగ్గితే ఏమవుతుంది?" అన్నాడు.

మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన 'అథర్' అన్నాడు. మా ఒమానీ అమ్మాయి ఆగిపోయింది. "అథర్ అంటే జాడ కదా, అమ్మీ?" అని అడిగింది. జాడ కూడానట. కానీ ఫలజ్ దగ్గర అథర్ అంటే ఒక కొలత, సుమారు అరగంట నీళ్లు. ఆమె పుట్టింది అరబీ ఇంట్లో. చదివింది అరబీలో. వాళ్ల తాతగారిదీ ఫలజ్ ఉన్న ఊరే. కానీ ఆమె మస్కట్‌లో పెరిగింది. ఆ మాటను ఆ అర్థంలో ఆమె ఎప్పుడూ వినలేదు. మాట ఉండటం వేరు, అది పనిచేసే చోట వినడం వేరు. మీకు ఇది కొత్తగా అనిపించదు అనుకుంటాను.

ఆ సాయంత్రం నేను ఊరికి ఫోన్ చేసి నాయనమ్మను అడిగాను. "నాయనమ్మా, మన ఊళ్లో చెరువు నీళ్లు ఎవరు పంచేవారు?"

"నీరటికాడు బిడ్డా" అంది వెంటనే. "తూము ఆయనే తెరుస్తడు, ఆయనే మూస్తడు. ఎవలి పొలానికి ఎంతసేపో ఆయనకే ఎరుక."

తూము అంటే చెరువుకట్టకు ఉండే నీటి ద్వారం. కాకతీయుల కాలం నుంచి మా వైపు చెరువులకు తూములున్నాయి. ములుగు దగ్గరి రామప్ప చెరువు, పాఖాల చెరువు వాళ్లు కట్టించినవే. నీరటికాడు ఊరి తరఫున ఆ నీటిని పంచే మనిషి.

"మరి ఆయన ఎవరికైనా ఎక్కువ ఇస్తే?" అన్నాను.

"అందరి ముంగట ఇడుస్తడు కద! చాటుకు ఇడిస్తే ఎవలు నమ్ముతరు?" అంది నాయనమ్మ.

ఒమన్ కొండల కింది తాతగారూ, ఓరుగల్లు వైపు మా నాయనమ్మా ఒకరినొకరు ఎప్పుడూ చూడలేదు. ఇద్దరూ ఒకే రోజు ఒకే మాట చెప్పారు.

నాలుగో రోజు సదస్సు ముగిసింది. సామాన్లు సర్దేశాక మేము అక్కడే మెట్ల మీద కూర్చున్నాం. కాలువ పక్కన గోడకు ఒక పెద్ద బోర్డు పెడితే? దాని మీద అరబీ అంకెల్లో, చదువు తక్కువైన వాళ్లకు కూడా అర్థమయ్యేలా, మూడే విషయాలు: ఇప్పుడు నీళ్లు ఎంత లోతు, నిన్న ఇదే వేళకు ఎంత, ఇప్పుడు నడుస్తున్నది ఎన్నో అథర్. యాప్ అక్కర్లేదు. దారిన పోయేవాళ్లందరికీ కనిపిస్తుంది.

మలయాళీ మిత్రుడు కాగితం తీశాడు. "బోర్డు ఊరికి ఒక్కటే అమ్ముడవుతుంది. యాప్ అయితే వందమందికి. మన డబ్బు రెండింటికీ చాలదు. ఏదో ఒకటి ఎంచుకోవాలి" అన్నాడు. బోర్డు చేస్తే ఆ పెట్టుబడిదారు రాడు. అతను రాకపోతే ఆగస్టు తర్వాత ఏమవుతుందో అందరికీ తెలుసు.

నేను కాకినాడ తమ్ముడి వైపు చూశాను. "నువ్వే చెప్పు. అందరికంటే నీకే నష్టం" అన్నాను.

అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాళ్ల నాన్న పొలం గురించి చెప్పాడు. గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు ఆనకట్ట కట్టించాడు. అది 1852లో పూర్తయింది. దాని కాలువలు కాకినాడ వైపు దాకా వస్తాయి. కాలువ మొదట్లో ఉన్న పొలాలకు నీళ్లు ముందు అందుతాయి. చివర ఉన్నవాటిని శివారు పొలాలు అంటారు. వాటికి అందేది ఆఖర్న.

"మాది శివారు పొలం అక్కా" అన్నాడు. "నీళ్లు రాలేదని మా నాన్న ప్రతి ఏడూ కాలువ గట్టు మీద నడుచుకుంటూ పైకి వెళ్లేవాడు. పైవాళ్లు ఎంత వాడుకున్నారో ఎవరూ చెప్పరు. మాకేమో కనిపించదు. అలాంటి బోర్డు ఒకటి ఉంటే... బోర్డే చేద్దామక్కా."

మర్నాడు శుక్రవారం. ఇక్కడ వారాంతం శుక్ర, శనివారాలు. మేము నలుగురం కారులో పెద్దాయన ఊరికి బయల్దేరాం. దారిలో బిర్కత్ అల్ మౌజ్‌లో ఆగాం. ఆ పేరుకు అరటితోటల కొలను అని అర్థం చెప్తారు, 'మౌజ్' అంటే అరటి. అక్కడి ఫలజ్ అల్ ఖత్మీన్ యునెస్కో జాబితాలో ఉన్న ఐదింటిలో ఒకటి. ఒకే కాలువ మూడు సమానమైన పాయలుగా చీలుతుంది. ఆ చీలిక ఆకాశం కింద, అందరూ చూసేచోట ఉంది. కాకినాడ తమ్ముడు అక్కడ వంగి, ఒక్కో పాయలో చెయ్యి పెట్టి చూసుకుంటూ చాలాసేపు ఉండిపోయాడు.

పెద్దాయన ఊరికి చేరేసరికి జుమా నమాజు అయిపోయింది. ఊరి పెద్దలు ఒక గదిలో కింద కూర్చుని ఉన్నారు. ముందు ఖర్జూరాలు, తర్వాత చిన్న చిన్న కప్పుల్లో ఖహ్వా, అంటే యాలకుల వాసన వచ్చే కాఫీ. కప్పు ఖాళీ అయితే మళ్లీ పోస్తూనే ఉంటారు. చాలు అని చెప్పాలంటే కప్పును అటూ ఇటూ మెల్లగా ఊపాలి. నాకది తెలుసు. మా మలయాళీ మిత్రుడికి తెలియదేమో, ఐదు కప్పులు తాగాడు.

వాళ్లు మమ్మల్ని చాలా ప్రశ్నలు అడిగారు. ఎండకు బోర్డు చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? వరద వస్తే పెట్టె కొట్టుకుపోతే? మీరు దేశం వదిలి వెళ్లిపోతే? ఆఖరి ప్రశ్నకు మా ఒమానీ అమ్మాయి జవాబు చెప్పింది. "నేను ఇక్కడి దాన్నే, అమ్మీ. నేను నేర్చుకుంటాను." చివరికి, సామాన్ల ఖర్చు మేము ఇస్తాం, మూడు నెలలు పెట్టి చూడండి అన్నారు.

జూన్ నెలంతా పని. కాకినాడ తమ్ముడు బోర్డుకు సోలార్ పలక బిగించాడు, తీగలన్నీ తన చేత్తోనే అతికించాడు. ఒక్కో తీగ దేనిదో ఒమానీ అమ్మాయికి చూపించి, ఆమె చేత మళ్లీ ఊడదీయించి, మళ్లీ పెట్టించాడు. జూలైలో బోర్డు వెలిగింది. మొదటి రోజు పిల్లలు దాని ముందు నిలబడి అంకెలు పైకి చదివారు. వారం తర్వాత పెద్దాయన ఫోన్ చేసి, "నిన్న ఇద్దరు గొడవ పడ్డారు. బోర్డు దగ్గరికి వెళ్లి చూసుకున్నారు. ఇంటికి వెళ్లిపోయారు" అన్నాడు.

పెట్టుబడిదారు రాలేదు. ఆగస్టులో డబ్బు అయిపోయింది. మలయాళీ మిత్రుడికి మస్కట్‌లోనే వేరే కంపెనీలో ఉద్యోగం దొరికింది. కాకినాడ తమ్ముడికి దొరకలేదు. అతన్ని విమానాశ్రయంలో దింపడానికి నేనూ ఒమానీ అమ్మాయీ వెళ్లాం. దారిలో ఆ ప్రదర్శనశాల భవనం కనిపించింది. ముగ్గురం చూశాం, ఎవరమూ ఏమీ అనలేదు. లోపలికి వెళ్లేముందు అతను ఆమె చేతిలో తన స్క్రూడ్రైవర్ పెట్టాడు.

నేనిప్పుడు పగలు ఒక ఉద్యోగం చేస్తున్నాను. వారాంతాల్లో నేనూ ఆమే వెళ్లి బోర్డు మీద దుమ్ము తుడిచి, పెట్టె సరిగ్గా కొలుస్తోందో లేదో చూసి వస్తాం. మూడు నెలలు దాటినా ఊరివాళ్లు దాన్ని తీసేయమని అనలేదు. పక్క ఊరివాళ్లు కూడా ఒకటి కావాలని అడిగారు. దాన్ని ఆమె ఒక్కతే తయారుచేసింది. ఆమె ఇప్పుడు 'అథర్' అనే మాటను ఆ తాతగారిలాగే అంటుంది.

కాకినాడ తమ్ముడు ఇంటి దగ్గర ఇంకో పెట్టె చేశాడు. దాన్ని వాళ్ల నాన్న పొలానికి నీళ్లొచ్చే కాలువ దగ్గర, అందరికీ కనిపించేలా పెడదామని ఊళ్లో అడిగాడు. శివారు రైతులందరూ సరే అన్నారు. పైపొలాల వాళ్లు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

పిల్లలూ, వాళ్లు ఎందుకు ఒప్పుకోలేదో మీరు ఊహించగలరా? వాళ్లను ఒప్పించాలంటే మీరైతే ఏం చెప్తారు? ఐదారు వాక్యాలు తెలుగులో రాయండి. రాసేముందు మీ తాతయ్యనో, నాయనమ్మనో, అమ్మమ్మనో అడగండి: "మీ ఊళ్లో నీళ్లు ఎవరు పంచేవారు? ఆయన్ను ఏమని పిలిచేవారు?" వాళ్లు చెప్పిన మాటను చెప్పినట్టే రాసుకోండి. ఆ మాట ఒక్కో ఊరికి ఒక్కోలా ఉంటుంది. మీ ఊరి మాట నాకింకా తెలియదు.